పామర్రు ఆడపడుచు కొండపల్లి కోటేశ్వరమ్మగారు

బెజవాడ నుండి బందరు పోయే దారిలో ఉయ్యూరు దాటిన పిమ్మట, గుడివాడ నుండి వచ్చే బాట కలిసే కూడలిలో ఉన్న ఊరు పామర్రు. చుట్టూ కృష్ణ కాలువల నీటితో పండే మాగాణి. కొద్ది దూరంలో నాట్యానికి పేరుపడిన కూచిపూడి ఉన్నది. ఇటువైపున నందమూరి తారక రామారావుగారి స్వగ్రామమైన నిమ్మకూరు ఉన్నది. అందుచేత ఈ ప్రాంతం మాట రాగానే మనవారికి నాట్యమో, చలనచిత్రమో, వరిపంటయో తలపునకు వచ్చుట సహజం. అదే పామర్రులో 1918 ఆగస్టు 5వ తేదీన పుట్టి, నూరేళ్లు జీవించి, 2018 సెప్టెంబరు 19న విశాఖపట్టణంలో కన్నుమూసిన ఒక స్త్రీమూర్తిని గూర్చి ఈ ప్రసంగంలో చెప్పదలచినాను. ఆమె పేరు కొండపల్లి కోటేశ్వరమ్మ.

కోటేశ్వరమ్మగారు శాసనసభకు పోయినవారు కారు, మంత్రిపదవి చేపట్టినవారు కారు. అయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్దంలో ఆంధ్రదేశపు స్త్రీ రాజకీయాలలో ఎట్లు ప్రవేశించినదో, అక్కడ ఏమి పొందినదో, ఏమి కోల్పోయినదో తెలుసుకొనుటకు వారి జీవితంకంటె మంచి ఆధారం దొరకుట కష్టం. బాల్యవివాహం, వైధవ్యం, పునర్వివాహం, జాతీయోద్యమం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్తృవియోగం, నడివయసులో చదువు, ఉద్యోగం, పుత్రశోకం, తుదకు గ్రంథరచన – ఇవన్నీ ఒక్క జీవితంలో ఇమిడినవి. వీనిలో ఒక్కొక్కటి వెనుక ఒక చట్టమో, ఒక ఆచారమో, ఒక ఉద్యమమో నిలిచి ఉన్నది. ఆ సంబంధాన్ని విప్పి చూచుటయే నా ఉద్దేశం.

కోటేశ్వరమ్మగారు పుట్టిన 1918వ సంవత్సరంలోనే ఐరోపాఖండంలోని హాలెండు దేశంలో ఒక విశేషం జరిగినది. సూజ గ్రూనవేగ్ అనే బడిపంతులమ్మ, సోషలిస్టు పార్టీ పక్షాన, ఆ దేశపు పార్లమెంటుకు ఎన్నికైనది. ఆ దేశ చరిత్రలో పార్లమెంటు సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమెయే. ఇందులో ఒక వింత కలదు. 1917లో చేసిన రాజ్యాంగ సవరణ స్త్రీలకు పోటీ చేసే హక్కునిచ్చినది గాని ఓటుహక్కును ఈయలేదు. ఓటు వారికి 1919లో గాని రాలేదు. కావున ఆ మొదటి సభ్యురాలిని ఎన్నుకొన్నవారందరూ పురుషులే! ఆమె 1937 వరకు సభలో ఉండి, పని చేసుకొని బ్రతికే స్త్రీలకు ప్రసూతికాలంలో రక్షణ ఉండవలెనని పాటుపడినది. మన చెన్నరాజధానిలో 1921లో ఆస్తిగల స్త్రీలకు ఓటు లభించినది. 1927లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనమండలిలో ప్రవేశించినారు.

చట్టసభల చరిత్ర ఇట్లు నడుచుచుండగా పామర్రు వంటి ఊళ్లలో ఆడపిల్ల ముందున్న సమస్య ఓటు కాదు. అంతకు ముందటి మెట్టు. బడికి పోవచ్చునా, ఎవరిని పెండ్లాడవలెను, ఎప్పుడు పెండ్లాడవలెను అనే ప్రశ్నలలో ఆమె మాటకు చోటున్నదా అనునదే సమస్య. హాలెండు సోషలిస్టు స్త్రీ పోరాటం కర్మాగారం నుండి, పాఠశాల నుండి బయలుదేరినది. కృష్ణా డెల్టా స్త్రీ పోరాటం ఇంటి గడప నుండి బయలుదేరవలసి వచ్చినది.

కోటేశ్వరమ్మగారికి నాలుగైదేండ్ల ప్రాయంలోనే మేనమామతో పెండ్లి జరిగినది. కొద్దికాలానికే ఆయన మరణించినాడు. పెండ్లి అనగా నేమో, వైధవ్యమనగా నేమో తెలియని వయస్సులో ఆ రెండు ముద్రలూ ఆమెపై పడినవి. నాటికి బాల్యవివాహాన్ని నిషేధించే శారదా చట్టం రాలేదు. అది 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుండి అమలైనది. బాలికకు పదునాలుగేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని ఆ చట్టం నిర్ణయించినది. అప్పటికి మన కథానాయిక వితంతువై కొన్ని ఏండ్లు గడచినవి.

వితంతు పునర్వివాహానికి మాత్రం 1856 నుండే చట్టం అనుమతి ఉన్నది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినారు. కాని చట్టం అనుమతించుట వేరు, ఊరు అనుమతించుట వేరు. పైగా ఆ 1856 నాటి చట్టంలోనే ఒక చిక్కు కలదు. తిరిగి పెండ్లాడిన వితంతువు మొదటి భర్త ఆస్తిపై తనకున్న హక్కును వదలుకొనవలెను. అనగా పెండ్లాడకున్న ఒంటరితనం, పెండ్లాడినచో ఆస్తినష్టం. పుట్టింటి భూమిలోనా, కుమార్తెకు కొడుకుతో సమానమైన భాగం లేదు. 1937 నాటి చట్టం వితంతువునకు భర్త ఆస్తిలో జీవితకాలం అనుభవించే పరిమితమైన హక్కును మాత్రం ఇచ్చినది. ఎకరాలకు ఎకరాలు మాగాణి గల ఇండ్లలో పుట్టిన ఆడపిల్ల సైతం తనదని చెప్పుకొనుటకు నగలు తప్ప వేరేమియు లేని స్థితి ఇది. ఈ సంగతి మన మనసులో ఉండవలెను. కోటేశ్వరమ్మగారి తరువాతి కష్టాలకు మూలం చాలవరకు ఇక్కడనే ఉన్నది.

ఆమె అదృష్టమేమనగా, తల్లి అంజమ్మగారు ధైర్యశాలి. కుమార్తెను మూల కూర్చుండబెట్టక బడికి పంపినారు. పిల్లకు మంచి కంఠం ఉన్నది. జాతీయోద్యమం పల్లెపల్లెకు వ్యాపించిన రోజులవి. సభ జరిగినచోట పాట పాడువారు కావలెను. ఆ విధంగా పాట ఆమెను ఇల్లు దాటించినది. తరువాతి రోజులలో గుడివాడ ప్రాంతపు జొన్నపాడుకు చెందిన కొండపల్లి సీతారామయ్యగారితో ఆమెకు పునర్వివాహం జరిగినది. ఆయన కమ్యూనిస్టు పార్టీ కార్యకర్త. వితంతువును వివాహమాడుటను ఆ యువకులు తమ సంఘసంస్కార ధర్మంగా భావించేవారు. తల్లి అండగా నిలిచినది గాని, బంధువర్గంలో వ్యతిరేకత లేకపోలేదు.

ఆంధ్రదేశంలో కమ్యూనిస్టు పార్టీ 1934లో ఏర్పడినది. పుచ్చలపల్లి సుందరయ్యగారు దానికి ప్రధాన నిర్మాత. ఆ సంవత్సరమే ప్రభుత్వం పార్టీని నిషేధించగా, యుద్ధకాలంలో, 1942 జూలైలో, ఆ నిషేధం తొలగినది. పార్టీ బహిరంగంగా పనిచేయుటకు వీలు కలిగిన వెంటనే బెజవాడ దానికి కేంద్రమైనది. ‘ప్రజాశక్తి’ పత్రిక అక్కడ నుండియే వెలువడినది. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు కూడా బెజవాడలోనే జరిగినవి. కృష్ణా జిల్లాలో ఈ పార్టీలో చేరిన యువకులలో భూమిగల రైతుకుటుంబాల బిడ్డలు ఎక్కువ. వారితోపాటు వారి భార్యలు, అక్కచెల్లెండ్రు, తల్లులు కూడా ఉద్యమంలోనికి వచ్చినారు. ఒక్కొక్కప్పుడు కుటుంబం మొత్తం పార్టీ కుటుంబమయ్యేది.

ఆ కాలపు మహిళా సంఘాల పని ఎట్లుండేదో నేటివారికి కొంత వివరింపవలసి ఉన్నది. యుద్ధం వలన బియ్యం, కిరసనాయిలు, బట్ట దొరకక ధరలు మండిపోవుచున్న రోజులవి. ఇంటిలో దీపం వెలిగించే బాధ్యత ఎవరిదో, కిరసనాయిలు కొరత బాధ కూడా ముందుగా వారిదే గదా! కావున మహిళా సంఘం మొదటి పాఠం వంటింటి సరకుల నుండియే మొదలయ్యేది. సరకు ఎక్కడ దాగినది, చౌకధరకు ఎట్లు రాబట్టవలెను అని ఆలోచించుటకు కూడిన స్త్రీలు, ఆపైన చదువు నేర్చుకొనుట, కాన్పు సమయంలో శుభ్రత, శిశుపోషణ, బాల్యవివాహం, వితంతు వివాహం, బహుభార్యాత్వం, స్త్రీకి ఆస్తిహక్కు మొదలైన విషయాలకు వచ్చేవారు. బెజవాడలో వైద్యవృత్తి చేసిన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు ఈ రంగంలో పేరెన్నికగన్నవారు. ఆమె విజ్ఞాన సర్వస్వకర్త కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె. తరువాతి కాలంలో కాంగ్రెసు పక్షాన 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైనారు. మానికొండ సూర్యావతిగారు, మోటూరి ఉదయంగారు మొదలైనవారు కోటేశ్వరమ్మగారితో సమకాలికులు, సహచరులు.

రెండవ సాధనం కళ. 1943లో ప్రజానాట్యమండలి వెలసినది. బెజవాడ వైద్యులు గరికపాటి రాజారావుగారు దానికి ప్రాణం పోసినవారు. అంతకుముందు మన నాటకరంగంలో స్త్రీపాత్రలను సైతం పురుషులే ధరించుట పరిపాటి. గౌరవ కుటుంబాల స్త్రీ రంగస్థలమెక్కుట అనూహ్యం. అట్టి రోజులలో కోటేశ్వరమ్మగారు ఊరూర సభలలో పాటలు పాడినారు, నాటకాలలో నటించినారు. ఉదయంగారు స్త్రీలతోనే బుర్రకథ దళం నడిపినారు. బుర్రకథలో తంబుర పట్టిన కథకుడు నడుమ నిలిచి కథ చెప్పును. డక్కీలు పట్టిన వంతలలో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెప్పుదురు. అడుగు వేయవలెను, గంతు వేయవలెను, వేలాది జనంతో కంఠమెత్తి మాటాడవలెను. ఇంటిలో పెద్దల ముందు గట్టిగా మాటాడరాదని పెరిగిన ఆడపడుచు ఇదంతా చేయుట సామాన్యమైన మార్పు కాదు. చూడవచ్చిన స్త్రీలకు ఆ కథలోని నీతికంటె, కథ చెప్పుచున్న స్త్రీ నిలుచున్న తీరే ఎక్కువ పాఠం చెప్పి ఉండునని నాకు తోచును.

1948తో కాలం మారినది. పార్టీపై తీవ్రమైన నిర్బంధం వచ్చిపడినది. నైజాం రాజ్యంలో 1946 నుండి సాగుచున్న సాయుధ పోరాటానికి కృష్ణా జిల్లా వెన్నుదన్నుగా ఉండుటచే, ఈ వైపు కూడా పోలీసు దాడులు ప్రబలినవి. 1949లో పామర్రుకు దగ్గరి యలమర్రులోను, ఉయ్యూరు వైపునున్న కాటూరులోను పోలీసులు గ్రామస్థులను వివస్త్రలను చేసి అవమానించిన ఘటనలు నాటి చరిత్రలో నిలిచిపోయినవి. నాయకులు, కార్యకర్తలు అజ్ఞాతవాసానికి పోయినారు. కోటేశ్వరమ్మగారు కూడా పోయినారు. ఇరువురు బిడ్డలను తల్లి అంజమ్మగారి వద్ద విడిచి పోవలసి వచ్చినది.

అజ్ఞాతవాసం అనగానే అడవి, తుపాకి మనకు గుర్తుకు వచ్చును. కాని దానిలో పెద్దభాగం పట్టణాలలోని అద్దె ఇండ్లలో జరిగినది. అట్టి రహస్యగృహాన్ని కార్యకర్తలు ‘డెన్’ అని పిలిచేవారు. దాని నడుపుదల ఎట్లుండునో ఆలోచించండి. ఇల్లు అద్దెకిచ్చే యజమాని అడిగే మొదటి ప్రశ్న సంసారమా, ఒంటరివారా అని. ఒంటరి మగవానికి ఇల్లు దొరకుట కష్టం; దొరికినను ఇరుగుపొరుగువారి కన్ను పడును. ఇంటిలో ఒక స్త్రీ ఉండి, తెల్లవారగనే వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టి, నూతివద్ద నలుగురితో నాలుగు మాటలాడినచో అది పదిళ్లలో ఒక ఇల్లగును. కావున ఆ ముగ్గే ఆ ఇంటికి కావలి. ఆ స్త్రీకి మారుపేరు. ఆమె చెప్పే ఊరు, బంధుత్వం అన్నియు కల్పితాలు. ఎవరు వచ్చినను, ఎన్ని గంటలకు వచ్చినను అన్నం వండి పెట్టవలెను. కాగితాలు దాచవలెను, కబురు అందించవలెను. పోలీసులు తలుపు తట్టినప్పుడు తొట్రుపడక మాటాడవలెను. తన బిడ్డల మాట ఎవరితోను అనరాదు. బిడ్డల తలపు వచ్చి కంట నీరు తిరిగినను కారణం చెప్పరాదు.

ఈ పనిని చాలాకాలం వరకు మన చరిత్రకారులు ‘సహాయం’ అనే ఒక్క మాటతో దాటవేసినారు. పట్టుబడినచో ఇరువురికీ శిక్ష ఒక్కటే. కాని నిర్ణయాలు చేసే సమావేశాలలో ఆ స్త్రీకి చోటుండుట అరుదు. సమావేశం ముందుగదిలో, ఆమె వంటింటిలో! సమానత్వం కొరకు నడచిన ఉద్యమంలో సైతం పని విభజన పాత ఇంటి పద్ధతినే అనుసరించినది.

1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమింపబడినది. ఎన్నికలు వచ్చినవి. 1952లో కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టులకు ఘనవిజయం లభించినది. 1955 ఆంధ్రరాష్ట్ర మధ్యంతర ఎన్నికలలో 196 స్థానాలలో 15 మాత్రమే దక్కినవి. ఈ గెలుపు ఓటముల లెక్కలు అందరికీ తెలిసినవే. అజ్ఞాతవాసం నుండి వెలుపలికి వచ్చిన స్త్రీల లెక్క మాత్రం ఎవరును వేయలేదు. ఇక ఇండ్లకు పోయి సంసారాలు చూచుకొనవచ్చునన్న మాటయే వారిలో చాలామందికి దక్కినది. కొందరికి తిరిగిపోవుటకు ఇల్లే లేదు. తుపాకి పట్టి, దళాలలో తిరిగి, శాసనసభ వరకు పోయిన మల్లు స్వరాజ్యంగారి వంటివారు అరుదు. ఆమె 1978లోను, 1983లోను తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికైనారు.

కోటేశ్వరమ్మగారికి ఈ దశలోనే గొప్ప దెబ్బ తగిలినది. భర్త సీతారామయ్యగారు ఆమెను విడిచిపోయినారు. ఆయనే తరువాత 1980లో పీపుల్స్‌వార్ అనే విప్లవపక్షాన్ని స్థాపించి దేశమంతట పేరు వినిపించినవారు. ఆయన రాజకీయ జీవితాన్ని గూర్చి గ్రంథాలున్నవి. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. మనం చూడవలసిన సంగతి ఇది. ఆమె ఆ భర్త కొరకు మాత్రమే ఉద్యమంలో ఉన్నవారు కారు. కాని భర్త పోయిన మరునాడు ఆమె చేతిలో ఏమున్నది? చదువు ముగియలేదు. భూమి తన పేర లేదు. ఉద్యోగం లేదు. నగలు లేవు. పది పన్నెండేండ్ల రాజకీయానుభవం ఏ కార్యాలయంలోను అర్హతగా చెల్లదు. ఇరువురు బిడ్డలు, వృద్ధురాలగుచున్న తల్లి ఉన్నారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పదియైదు ప్రాంతం.

ఇక్కడ చట్టం కొంత చేయూతనిచ్చి ఉండునా అని శ్రోతలు అడుగవచ్చును. చెన్నరాజధానిలో 1949లోనే హిందువులలో ద్విభార్యాత్వాన్ని నిషేధించి, విడాకులను అనుమతించే చట్టం వచ్చినది. 1955లో దేశమంతటికీ హిందూ వివాహ చట్టం, 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినవి. కాని న్యాయస్థానానికి పోవుటకు ధనం కావలెను, సాక్ష్యం కావలెను; అన్నిటికి మించి, సహచరులపై వ్యాజ్యం వేయుటకు మనసొప్పవలెను. ఆదర్శం పేరిట నడచిన సంసారాలలో అన్యాయాన్ని పైకి చెప్పుకొనుట మరింత కష్టం. చెప్పినచో ఆదర్శానికే మచ్చ తెచ్చినట్లు అందరూ అనుకొందురు. చెప్పకున్నచో బాధ తనకే మిగులును.

ఆమె చదువును ఎన్నుకొన్నారు. హైదరాబాదు పోయి, తనకంటె ఇరవై ఏండ్లు చిన్నవారైన బాలికల నడుమ కూర్చుండి మెట్రిక్ పరీక్షకు చదివినారు. ఆ రోజులలో బాల్యంలో చదువు ఆగిపోయిన స్త్రీలు, వితంతువులు, భర్తచే విడువబడినవారు తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధమగుటకు మహిళాసంస్థలు కొన్ని తరగతులు నడిపేవి. మన దేశంలో వేలమంది నర్సులు, ఉపాధ్యాయినులు, గ్రామసేవికలు ఆ తరగతుల నుండియే వచ్చినారు. ఇది నినాదాలు లేని, ఊరేగింపులు లేని ఉద్యమం. అయినను స్త్రీకి తన కాళ్లపై నిలిచే శక్తినిచ్చుటలో అది ఏ ఉద్యమానికీ తీసిపోదు.

పరీక్ష నెగ్గిన తరువాత కోటేశ్వరమ్మగారు కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ వసతిగృహంలో మేట్రన్‌గా ఉద్యోగంలో చేరినారు. నాలుగు జిల్లాల నుండి చదువుకొనుటకు వచ్చిన ఆడపిల్లల తిండి, ఆరోగ్యం, బెంగ, కోపం అన్నియు చూచుకొనే పని. నెలకు కొంత జీతం. అది చిన్నదే కావచ్చును; కాని పుట్టి బుద్ధి ఎరిగిన తరువాత తండ్రిదో, భర్తదో, పార్టీదో కాక తనదియే అయిన సొమ్ము చేతికి వచ్చుట అదియే మొదలు. ఒకప్పుడు రహస్యగృహాలలో కార్యకర్తలకు అన్నం పెట్టిన చేతులే ఇప్పుడు చదువుకొనే బాలికలకు పెట్టినవి. పని స్వభావంలో భేదం తక్కువ. భేదమంతా ఆ పనికి పేరు, జీతం, గౌరవం ఉండుటలో ఉన్నది.

ఇంతటితో కష్టాలు ముగిసినవని చెప్పగలిగినచో బాగుండును. కాని 1970వ దశకంలో ఆమె కుమారుడు నక్సలైటు ఉద్యమంలో చేరి తిరిగి రాలేదు. వైద్యురాలైన కుమార్తె, భర్త మరణించిన దుఃఖానికి తాళలేక ప్రాణాలు విడిచినది. తల్లి అంజమ్మగారు కూడా వెళ్లిపోయినారు. మనుమరాండ్రు ఇరువురు మిగిలినారు. ఇట్టి సందర్భంలో మనవారు ‘విధి’ అను మాటతో సమాధానపడుట అలవాటు. ఆమె ఆ మాటను ఆశ్రయించినవారు కారు. ఉద్యోగం చేసినారు, మనుమరాండ్ర మంచి చెడ్డలు చూచినారు, వ్రాసినారు. ‘అమ్మ చెప్పిన ఐదు గేయాలు’, ‘సంఘమిత్ర కథలు’, ‘అశ్రు సమీక్షణం’ ఆమె పుస్తకాలు.

సీతారామయ్యగారు 2002లో మరణించినారు. రోగపీడితులై ఉన్న చివరి దినాలలో ఆయన ఆమెను చూడగోరినారు. తొలుత ఆమె మనస్సు అంగీకరించలేదు. పిమ్మట పోయి చూచినారు. దీనిని క్షమ అని కొందరు మెచ్చుకొందురు. నాకు మాత్రం ఆ మొదటి నిరాకరణం కూడా అంతే ముఖ్యమని తోచును. పిలిచిన వెంటనే పరుగెత్తవలెనని స్త్రీకి మన కథలన్నియు నేర్పినవి. ఆమె ఆలోచించుకొని, తన ఇష్టంపై పోయినారు. వదలిపోయిన భర్తగా కాక, ఒకనాటి ఉద్యమ సహచరునిగా ఆయనను చూడగలిగిన తరువాతనే పోయినారని వారి జీవితధోరణిని బట్టి ఊహింపవచ్చును.

తొంబదినాలుగేండ్ల వయస్సులో, 2012లో, ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ వెలువడినది. హైదరాబాదు బుక్ ట్రస్టువారు ప్రచురించినారు. 2015లో ఆంగ్లంలోనికి అనువాదమై ఇతర రాష్ట్రాలవారికి, విదేశాలవారికి కూడా అందినది. వారధి అనునది జనం ఒక ఒడ్డు నుండి ఇంకొక ఒడ్డుకు దాటుటకు ఉపయోగించునది. అందరినీ దాటించిన తరువాత దానిపై ఎవ్వరునూ మిగులరు. కృష్ణమీద, బందరు కాలువమీద వంతెనలు చూచి పెరిగిన మనకు ఆ పేరులోని బాధ విడమరచి చెప్పనక్కరలేదు. అయినను ఆ పుస్తకంలో ఏడుపు కంటె నిబ్బరం ఎక్కువ. ఎవరిని గూర్చియు కక్షతో వ్రాసినట్లు కానరాదు. సంగతి జరిగినది జరిగినట్లు, ఇంటిలో పెద్దమ్మ చెప్పునట్లు, చెప్పుకొని పోయినారు.

ఆ పుస్తకానికి ముందే, 1986లో, స్త్రీశక్తి సంఘటనవారు ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే గ్రంథాన్ని ప్రకటించినారు. తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్వయంగా కలిసి, వారి మాటలనే అక్షరబద్ధం చేసిన గ్రంథమది. కోటేశ్వరమ్మగారు, సూర్యావతిగారు, ఉదయంగారు అందులో మాటాడినారు. నాయకులు వ్రాసిన చరిత్రలలో తేదీలు, తీర్మానాలు, వ్యూహాలు ఉండును. ఈ స్త్రీల మాటలలో ఆకలి, నెలసరి, కాన్పు, విడిచి వచ్చిన పిల్లల ఏడుపు, ఎవరు ఆదరించినారు, ఎవరు తలుపు మూసినారు అనునవి ఉండును. రెండు చరిత్రలూ కావలెను. ఒక్కటి లేకున్న ఇంకొకటి సగమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఉద్యమం ఈ స్త్రీకి ఏమి ఇచ్చినది, ఏమి ఈయలేదు? వైధవ్యపు మూల నుండి ఆమెను వెలుపలికి తెచ్చినది ఉద్యమమే. పాటకు వేదికనిచ్చినది, లోకజ్ఞానమిచ్చినది, కులంకంటె కుటుంబంకంటె విశాలమైన బంధువర్గాన్ని ఇచ్చినది. ఆ రుణాన్ని ఆమె ఎన్నడును కాదనలేదు. తుదివరకు కమ్యూనిస్టుననియే చెప్పుకొన్నారు. కాని సంసారం చెడినప్పుడు స్త్రీకి ఏది ఆధారమనే ప్రశ్నకు ఉద్యమం వద్ద జవాబు లేకపోయినది. అది సొంత విషయమని ఊరకుండినది. పరాయి ఇండ్లలో భర్త కొట్టినచో అది సంఘసమస్య అని సభలలో చెప్పినవారికి, తమ ఇంటిలో భర్త విడిచినచో అది సొంత విషయమైనది. ఈ లోపం ఒక్క పార్టీదే అని తలచరాదు. సంఘసేవ చేయుచున్న ప్రతి సంస్థా, ఏ మతానిదైనను, ఏ మతము లేనిదైనను, తనను తాను అడుగవలసిన ప్రశ్న ఇది.

చట్టం మాత్రం నెమ్మదిగా ముందుకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వకాలంలో వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు నుండి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో, అప్పటికి పెండ్లి కాని కుమార్తెలకు కొడుకులతో సమానమైన భాగం కల్పించినారు. పామర్రు ప్రక్కనున్న నిమ్మకూరు బిడ్డ పరిపాలనలో ఆ చట్టం వచ్చుట మన ప్రాంతానికి గర్వకారణమే. 2005లో దేశమంతటికీ అట్టి హక్కు వచ్చినది. పామర్రులో నేడు పుట్టిన ఆడపిల్లకు 1918లో పుట్టినామెకు లేని హక్కులు కాగితంపై ఉన్నవి. ఆ కాగితం ఆమె చేతికి అందుచున్నదా, కట్నం ఇచ్చినాము గదా అని సంతకం పెట్టించుకొని తిరిగి తీసికొనుచున్నామా అనునది ప్రతి ఇంటిలోను పెద్దలు ఆలోచింపవలసినది.

మరియొక్క మాట చెప్పి విరమించెదను. కోటేశ్వరమ్మగారి కథ మనకు దక్కినది ఆమె నూరేళ్లు జీవించుటచేతను, వ్రాయుట నేర్చుటచేతను, అడిగి వ్రాసికొన్నవారు కొందరుండుటచేతను. ఆమెతో కలిసి పాడినవారు, డెన్లలో వండినవారు, పిల్లలను పెంచి పెట్టిన అంజమ్మగారి వంటి అమ్మమ్మలు ఎందరో తమ కథ చెప్పకయే పోయినారు. కృష్ణా డెల్టాలో ఆ కాలాన్ని చూచిన పెద్దల మాటలు విని పెరిగిన తల్లులు, పెద్దమ్మలు ఇంకను ఉన్నారు. తీరిక దొరికినప్పుడు వారి వద్ద కూర్చుండి, వారి తల్లులు ఏమి చేసినారో అడిగి, పేరుతో, ఊరుతో, సంవత్సరంతో సహా ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. పిల్లల చేత వ్రాయించినను మంచిదే.